పూతకు ముందటి పని



మా సారంగాపూరు నుండి జగిత్యాలకును, అచ్చటి నుండి కోరుట్ల వైపునకును సిరిసిల్ల వైపునకును పోవు బాటలలో, ఊరు ముగిసి పొలములు మొదలగు చోట, రేకుల పందిళ్ళ క్రింద పాత కలపను పేర్చి యమ్మెడి దుకాణములు కొన్ని కనబడును. దుబాయి, మస్కటు మొదలైన దూరదేశముల యెండలలో ఏండ్ల తరబడి పనిచేసి బిడ్డలు పంపిన సొమ్ముతో తల్లిదండ్రులు గూనపెంకుటిల్లు విప్పించి స్లాబు ఇల్లు కట్టుకొన్నప్పుడు, ఆ పాత యింటితోపాటు దాని దర్వాజలు, దూలములు, సందుగలు, పట్టెమంచములు, గోడకు ఆనుకొని రెండు మూడు తరముల బట్టలను పాత్రలను మోసిన అల్మారాలు సైతము ఇల్లు విడిచి వచ్చి ఆ రేకుల క్రింద నిలిచియుండును. వానపడినప్పుడు వానిమీదికి జల్లు కొట్టుచుండగా బస్సులో నుండి చూచి నేను బాధపడిన దినములు పెక్కు. ఆ కలపలో కొంతయైనను తిరిగి ఇండ్లకు చేరవలెనను కోరికతోనే నేడు మీతో మాటలాడ వచ్చితిని. పాత సామానును కొని తెచ్చి, బాగుచేసి, రంగు వేసి, కుటుంబమునకు అక్కరకు వచ్చునట్లు చేసికొనుట యెట్లనునది నేటి ప్రసంగ విషయము.

మొదట కలప విలువను గూర్చి చెప్పవలసియున్నది. టేకు చెట్టు చక్కగా చేవదేరి పెద్ద పలకలకు పనికివచ్చుటకు ఏబది అరువది సంవత్సరములు పట్టును. నాటినవాని చేతికి కాక వాని మనుమని చేతికి వచ్చెడి పంట యది. గోదావరికి ఆవలి ఒడ్డున నిర్మలు, ఆదిలాబాదు అడవులు టేకునకు పేరుమోసినవి. మన పాత యిండ్ల దర్వాజలలోను అల్మారాలలోను టేకు కనబడుట వింత గాదు. నేడు అంగళ్ళలో చౌకగా దొరకు సామానులో అధిక భాగము చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలతో కూర్చినది. దాని అంచున ఒక్కసారి నీరు దిగినచో పలక ఉబ్బిపోవును, ఎంత ఎండబెట్టినను మరల యథాస్థితికి రాదు. పాత టేకు పలక యట్లు గాదు. అది వర్షాకాలమున కొంచెము ఉబ్బి, ఎండకాలమున కొంచెము కుదించుకొని, ఋతువులతోపాటు మెల్లగా ఊపిరి తీయుచు, తనపైని రంగు పోయినను తాను మిగిలియుండును. కావున చేతిలో సొమ్ము పరిమితముగా నున్న సంసారి, క్రొత్తగా మెరయుచున్న బలహీనపు వస్తువునకును, వన్నె తరిగిన బలమైన వస్తువునకును నడుమ ఎంచుకొనవలసి వచ్చినప్పుడు, రెండవదానివైపు మొగ్గుట వివేకమని నా దృఢమైన అభిప్రాయము. వన్నెను మనము తేగలము, బలమును తేలేము.

అయితే కొనునప్పుడు కంటికంటె ముందు చేతిని నమ్మవలయును. అల్మారాను రెండు చేతులతో పట్టి మెల్లగా ఊపి చూడుడు. కీళ్ళు వదులైనను చెక్క చీలక యున్నచో జిగురుతో వానిని మరల బిగింపవచ్చును. కాళ్ళ మొదళ్ళ వద్ద, వెనుక పలక అడుగున, గోరుతో గ్రుచ్చి చూడుడు. గోరు మెత్తగా దిగినచో చెదలో తేమయో అచ్చట తన పని ముగించినదని తెలిసికొని విడిచిపెట్టుడు. గుండుసూది తలయంత రంధ్రములు కనబడినంతమాత్రమున భయపడ నక్కరలేదు. పుప్పి పురుగు చెట్టు వెలుపలి తెల్లచెక్కను తినును గాని చేవను ముట్టుట అరుదు. వస్తువును తెచ్చిన వెంటనే ఇంటిలోనికి చేర్పక, వారము పది దినములు వెలుపలి అరుగుపై నుంచి, రంధ్రములలోని పాత పొడిని దులిపి, క్రింద తెల్లకాగితము పరచి గమనించుడు. ప్రతిదినమును క్రొత్తపిండి రాలుచున్నచో పురుగు ఇంకను సజీవముగా నున్నదని యర్థము. మందు పట్టించి, పిండి రాలుట మానిన పిదపనే లోనికి తేవలయును. మంచములయందును కుర్చీలయందును నల్లులు దాగియుండునో లేదో చూచికొనుటకును ఆ వారము దినముల గడువు పనికివచ్చును.

ఇంట పసిపిల్లలున్నవారు చెవియొగ్గి వినవలసిన మాట యొకటి కలదు. పాత సామానుపై మనము వేయబోవు రంగుకంటె దానిపై ఇదివరకే యున్న రంగు ప్రమాదకరము కావచ్చును. మన దేశమున ఇంటి వాడుక రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నిబంధన 2016లో చేయబడి, 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు ఎనామెల్ రంగులలో, విశేషించి పసుపు, నారింజ, ఎరుపు వన్నెలలో, సీసము అధికముగా నుండుట కద్దు. సీసము పసివాని దేహములో చేరినచో మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. అది చేరుటకు పెద్దయెత్తున తిననక్కరలేదు, రాలిన పెచ్చును నోట పెట్టుకొన్నను, గాలిలోని ధూళి వ్రేళ్ళకంటి నోటికి చేరినను చాలును. కావున పాత రంగును ఎన్నడును పొడిగా గీకరాదు. వస్తువును ఆరుబయటికి తెచ్చి, క్రింద పాత ప్లాస్టిక్ పట్టా పరచి, నీటితో తడిపి తడిపి, నీటికి తట్టుకొను గరుకు కాగితముతో రుద్ది, వచ్చిన మడ్డిని గుడ్డతో ఎత్తి పొట్లముగట్టి పారవేయవలయును. ముక్కునకు మంచి మాస్కు ఉండవలయును. పిల్లలు ఆ చాయలకు రాకుండునట్లు చూడవలయును. పని ముగిసిన పిదప ఆ బట్టలను విడిగా ఉతికి, స్నానము చేసి మరీ బిడ్డ నెత్తుకొనవలయును. ఉయ్యాలతొట్టెకు రంగు వేయదలచినవారికి ఈ జాగ్రత్త రెండింతలు అవసరము.

ఇక నా అనుభవమును విన్నవించెదను. మూడేండ్ల క్రిందట మా అమ్మ మాతో నుండుటకై వచ్చినప్పుడు, ఆమె చీరలకును పిల్లల పుస్తకములకును స్థలము చాలక, సిరిసిల్ల వైపు నుండి వచ్చిన యొక నిలువెత్తు టేకు అల్మారాను మూడువేల ఐదువందలకు కొని, ఆటో ట్రాలీలో ఇంటికి చేర్చితిని. అది నేతపని చేసిన కుటుంబమువారిదని అమ్మినవారు చెప్పిరి. రెండు తలుపులలో ఒకటి మొదటిది. రెండవది ఎన్నడో విరిగిపోగా వేపచెక్కతో చేయించి తగిలించినది కావున, రెండింటి రంగును కలియక అల్మారా అతుకుల బొంతవలె నుండెను. దానికి రంగు వేయవలెనను సంకల్పము నాకు కలుగుటకు కారణము ఆ రెండు తలుపుల వైషమ్యమే. క్రిందినుండి రెండవ అరను ఆ కుటుంబమువారు దేవుని గూడుగా వాడుకొన్నారు. దాని వెనుక పలకపై పసుపు కుంకుమల బొట్లు, పైని దీపపు మసి, అడుగున అరచేతి వెడల్పున నల్లని నూనె మరక. తలుపు లోపలివైపున పెన్సిలుతో గీసిన నిలువు గీతలు, నాలుగింటికి ఒకమారు వానిని కొట్టుచు అడ్డముగా ఐదవ గీత. నేసిన చీరల లెక్కయో, తెచ్చిన నూలు కట్టల లెక్కయో, ఎవరో ఎంతయో ఓర్పుతో వ్రాసికొన్న లెక్క.

రంగు వేయవలెనను ఆతురతలో నేను వెలుపలి భాగమును అరలను తడిగుడ్డతో తుడిచి, పైపైన రుద్ది, మూడు దినములలో పని ముగించితిని. చూచినవారెల్లరును మెచ్చుకొనిరి. నెల తిరుగకముందే ఆ రెండవ అరలో రంగు ఆరక జిగటగా నిలిచిపోయి, వ్రేలితో తాకినచో పాలమీది మీగడవలె ముడుతపడి లేచివచ్చెను. మరల అద్దితిని, మరల లేచెను. తుదకు మా వాడకట్టులోని వృద్ధ వడ్రంగియగు వడ్ల తాతను పిలిచి చూపితిని. ఆయన కండ్లజోడు సవరించుకొని, ఆ మరకపై బొటనవ్రేలు నదిమి, వ్రేలిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచి, ఇట్లనెను: "కడుపు నిండినోనికి బువ్వ పెడితే తింటడా సారూ? ఈ కట్టె ఇన్నేండ్ల సంది దీపం నూనె తాగి కడుపు నింపుకున్నది. మీ రంగును ఎట్ల తాగుతది? ముందుగాల ఆ నూనెను కక్కియ్యాలె."

ఆ మాటలో రంగుల శాస్త్రమంతయు ఇమిడియున్నదని నాకు తరువాత తెలిసినది. తొలిపూత చెక్కలోని సన్నని రంధ్రములలోనికి కొంత దిగి పట్టు సంపాదించుకొనవలయును. ఆ రంధ్రములు ముందే నూనెతో నిండియున్నచో అది దిగుటకు తావుండదు. నూనె లేదనుకొన్న చోట సైతము టేకు చెక్కలో సహజముగనే జిడ్డు కలదు. అందువలననే చెదలు దానిని తొందరగా ముట్టవు, అందువలననే రంగును దానిని తొందరగా పట్టుకొనదు. తాత చెప్పినట్లు, లేచిన రంగును పూర్తిగా గీకివేసి, వేడినీటిలో బట్టల సోడా కలిపి మూడుమారులు కడిగి, నీడన ఆరనిచ్చి, సుద్దపొడిని టర్పెంటైనులో ముద్దచేసి ఆ మరకపై మందముగా పట్టించితిమి. మరునాటికి తెల్లని సుద్ద గోధుమరంగునకు తిరిగెను. చెక్కలోని నూనె దానిలోనికి వచ్చినది. అట్లు నాలుగుమారులు చేయగా చివరి సుద్ద తెల్లగానే నిలిచినది. పిదప పలుచని రేకులుగా అమ్మెడి లక్కను స్పిరిటులో కరగించి రెండు పూతలు పూసితిమి. లక్క పూత చెక్కలో మిగిలిన నూనెను, మరకలను, చెక్క తనంత తాను క్రక్కెడి కషాయపు రంగును లోపలనే బంధించి, పైపూతకు శుభ్రమైన నేలను సిద్ధపరచును. ఈ లక్క ఎక్కడనో పుట్టినది గాదు. మన బీళ్ళలో ఫాల్గుణమున నిప్పువలె పూచెడి మోదుగు కొమ్మలపైనను, రేగు కొమ్మలపైనను బ్రతుకు చిన్న పురుగు తన రక్షణకై కట్టుకొను గూడే లక్క.

ఈ సందర్భమున మన పొరుగు కళాకారులను స్మరింపక యుండలేను. గోదావరి దాటినచో నిర్మలు. అచ్చటి నకాషీలు తేలికయైన పొనికి కర్రతో బొమ్మను చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, తెల్లసుద్ద పూసి, నునుపు చేసి, ఆ పిదపనే వన్నెలు దిద్దెదరు. దక్షిణమున సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటములు వ్రాయు నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు, బంక కలిపి మూడుమారులు పట్టించి, ప్రతి పూతయు పూర్తిగా ఆరిన తరువాతనే మరియొక పూత వేసి, అటుపిమ్మట కుంచె చేతబట్టెదరు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము సైతము వర్ణములను గూర్చి చెప్పుటకు ముందు గోడను చిత్రమునకు సిద్ధపరచు విధానమును వివరించును. పురాణకర్తయు, చేర్యాల చిత్రకారుడును, మా వడ్ల తాతయు ఒకరినొకరు ఎరుగనివారైనను మువ్వురును ఒక్క మాటనే చెప్పుచున్నారు: రంగు తన యందమును తన క్రింది పని వద్ద అప్పుగా తెచ్చుకొనును. నేను ఆ అప్పు తీర్చకయే అందమును కోరితిని. అందుకే అది నిలువలేదు.

కావున రంగు డబ్బా మూత తీయుటకు ముందు జరుగవలసిన పనిని క్రమముగా చెప్పెదను. కడిగిన చెక్కను రెండు మూడు దినములు నీడన ఆరనిండు. వదులైన కీళ్ళను విప్పి, పాత జిగురును గీకి, క్రొత్తజిగురు పెట్టి, త్రాటితో బిగించి ఒక రాత్రి కదపకుండ ఉంచుడు. మేకు రంధ్రములను, చీలికలను లప్పముతో నింపుడు. పెద్ద గుంటలైనచో ఆ చెక్కనుండియే తీసిన సన్నని పొట్టును జిగురుతో కలిపి నింపుట మేలు. గరుకు కాగితములపై అంకెలుండును: అంకె చిన్నదగుకొలది గరుకు హెచ్చు. 80తో మొదలుపెట్టి, 120 మీదుగా 220 వరకు రండు. ఎప్పుడును చెక్క నరముల వెంబడినే రుద్దుడు, అడ్డముగా రుద్దిన గీతలు రంగు వేసిన పిదప ఎండపొడలో బయటపడును. కన్నులు మూసికొని అరచేతితో నిమిరి చూడుడు. కంటికి తెలియని గరుకు చేతికి తెలియును. ధూళిని తడిగుడ్డతో ఎత్తి, టేకైనచో టర్పెంటైనులో ముంచిన గుడ్డతో జిడ్డును తుడిచి, అది ఆరగానే, జిడ్డు మరల పైకి ఊరకముందే, ప్రైమరు పూయుడు. ఇనుప బీరువా అయినచో త్రుప్పును పూర్తిగా గీకి, అదే దినమున రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయుడు. తేమగాలి తగిలిన నగ్నమైన ఇనుము రాత్రికి రాత్రియే మరల త్రుప్పు పట్ట నారంభించును.

రంగు ఆరుటయనగా నీరు ఆవిరియగుటవంటిదని మనము తలంతుము. తైలవర్ణపు ఎనామెల్ విషయమున అది సగము మాత్రమే నిజము. టర్పెంటైను ఆవిరియైన పిదప మిగిలిన తైలము గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. అందువలన తాకిచూచిన వ్రేలికి రంగు అంటకపోయినను లోపల అది ఇంకను పచ్చిగానే యుండును. బరువైన పాత్రలను పుస్తకములను మోయుటకు వారమో రెండు వారములో గడువీయవలయును. పలుచని పూతకు గాలి అడుగంటను తగులును గనుక మందమైన ఒక్క పూతకంటె పలుచని రెండు మూడు పూతలు మేలు. పూతకు పూతకు నడుమ 320 కాగితముతో సుతారముగా రుద్దినచో పైపూతకు పట్టు దొరకును. మే నెలలో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి యెండలో పూసిన రంగు పైపొర ముందుగా ఎండి, లోపలి పచ్చిరంగుపై ముడుతలు పడును. ఆషాఢ శ్రావణముల ముసురులో ఎంతకును ఆరదు. దసరా దాటినది మొదలు శివరాత్రి వరకు గల కాలము, అందును ఉదయపు మంచు ఆరిన వేళ, గాలి ధారాళముగా ఆడు నీడపట్టు, మన ప్రాంతమున ఈ పనికి తగిన దేశకాలములు.

మరువరాని హెచ్చరిక యొకటి కలదు. చెక్కకు అవిసెనూనె పట్టించిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేయకుడు. ఆ నూనె గాలిని గ్రహించునప్పుడు వేడి పుట్టును. ముద్దలో చిక్కిన ఆ వేడి హెచ్చి హెచ్చి, నిప్పురవ్వ తగులకయే గుడ్డ మండుట సంభవించును. వానిని విప్పి విడివిడిగా ఆరవేయుడు, లేదా నీటిలో ముంచి ఇంటికి దూరముగా పారవేయుడు.

ఇంత చెప్పిన పిదప, రంగు వేయరాని వస్తువులు గలవని కూడ చెప్పుట నా ధర్మము. చెక్కడపు పని గల దర్వాజను గాని, జిట్రేగి కుర్చీని గాని, నరములు నీటి అలలవలె తీరిన టేకు పలకను గాని ఎనామెల్ క్రింద కప్పివేయకుడు. వానికి శుభ్రపరచి పలుచగా అవిసెనూనె అద్దుటయే చాలును. అతుకులు పడినదానికి, పలుజాతుల కలప కలిసినదానికి, మరకలు పోనిదానికి, పెచ్చులూడిన పాత రంగు గలదానికి రంగు తగును. వస్తువు వయస్సును దాచుటకై కాక, దాని వేర్వేరు భాగములను ఒక్క కుటుంబముగా కూర్చుటకై రంగు వేయవలయును.

మా అల్మారాకు రెండవమారు పని పట్టినప్పుడు నలుబది దినములు గడచినవి. వెలుపలను అరలలోను నెమలికంఠపు నీలము వేసితిమి; టేకు తలుపునకును వేప తలుపునకును భేదము కనబడకపోయినది. తలుపు లోపలివైపును మాత్రము పిల్లలు ముట్టనీయలేదు. ఆ పెన్సిలు గీతలు ఎవరివో తెలియకపోయినను, అన్ని దినములు అంత ఓర్పుతో లెక్క వ్రాసికొన్నవారి చేతిపనిని చెరుపుటకు మనమెవరమని మా పెద్దమ్మాయి యడిగినప్పుడు నాకు బదులు తోచలేదు. అచ్చట వన్నె లేని లక్కను ఒక్క పూత పూసి వదలివేసితిమి. ఇప్పుడా గీతలు ఎప్పటికంటెను స్పష్టముగా కనబడుచున్నవి.

ఆ తరువాత వచ్చిన దసరానాడు మా అమ్మ స్నానము చేసి వచ్చి, జమ్మి ఆకును ఆ రెండవ అరలో నుంచి, ప్రమిదను నేరుగా చెక్కపై పెట్టబోయి, క్షణకాలమాగి, వంటయింటిలోనికి పోయి ఇత్తడి పళ్ళెము తెచ్చి దానిలో పెట్టినది. నేనేమియు చెప్పలేదు. దీపము వెలిగించిన పిదప పసుపు తడిపి రెండు తలుపులకును బొట్లు పెట్టి, వానిపై కుంకుమ అద్దినది. ఆ పళ్ళెము క్రింద నీలము, నీలము క్రింద తెల్లని ప్రైమరు, దాని క్రింద లక్క, లక్క క్రింద మేమెరుగని యొక ఇంటివారు ఏండ్ల తరబడి వెలిగించిన దీపపు నూనె.